కరెంటు బాబాయి ఎడమ చెయ్యి

"మెషీన్ బాగానే ఉంది బాబాయ్. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా?"

"అంటే నాకు ఆట రాదంటారు."

"నేనలా అన్నానా?"

"సామెత మొత్తం అనేసి, మళ్ళీ అన్నానా అంటారేంటి సార్. నేనీ హాల్లో మద్దెలలు విప్పి బిగించడం మొదలెట్టేనాటికి మీరు నిక్కరు కూడా తిన్నగా వేసుకునేవారు కాదు."

"నా నిక్కరు సంగతి ఇప్పుడెందుకు? తెర చూడండి. నా చెయ్యి పెట్టాను, బాగొచ్చింది. మూడో బెంచీ అమ్మాయి చెయ్యి పెట్టాను, బాగొచ్చింది. మీ చెయ్యి దగ్గరికొచ్చేసరికే మెషీన్‌కి రోగం వచ్చిందా?"

"కొత్త కోడలు కదా, ఇంకా నాతో అలవాటు పడలేదు."

తలుపు మూసే ఉంది. కానీ దాని పైన ఉండాల్సిన అద్దం ఎప్పుడో పగిలిపోతే అక్కడ అట్టముక్క దోపారు. అందుకని లోపల ఎవరు దగ్గినా, దగ్గిందెవరో వరండాలో తెలిసిపోతుంది. ఆ వరండాలో మొదటి సంవత్సరం మెడిసిన్ పిల్లలు ముప్పైమంది, తెల్లకోట్లు వేసుకుని, ఊపిరి బిగబట్టి వింటున్నారు. పాఠాలు కూడా ఇంత శ్రద్ధగా వినుంటే ఈపాటికి సగంమంది ప్రొఫెసర్లయిపోయేవాళ్ళు.

పోట్లాడుకుంటున్న ఇద్దరిలో సార్ అనిపించుకున్నాయన ఫిజియాలజీ విభాగంలో కొత్తగా చేరిన లెక్చరర్. వయసు ముప్పై దాటలేదు, అందరూ చిన్న సార్ అంటారు. బాబాయ్ అనిపించుకున్నాయన ల్యాబ్ టెక్నీషియన్. వయసు యాభై నాలుగు. కాలేజీలో అందరికీ, ఆఖరికి విభాగాధిపతి పెద్ద మేడంకి కూడా ఆయన కరెంటు బాబాయే. పిల్లలకి షాకులిచ్చే ఉద్యోగం కాబట్టి ఆ పేరు. ముందు తను తిని తర్వాత పెడతాడు కాబట్టి, ఆ పేరులో కోపం లేదు.

ఆయన అసలు ఈ హాలుకి ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చాడు. ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. పదో తరగతి, ఆపైన కరెంటు పని నేర్పే కోర్సు, అంతే చదువు. ఆయన నిచ్చెన మీదుండగా కింద పెద్ద మేడం, అప్పుడింకా కుర్ర మేడం, పిల్లల్ని బతిమాలుతోంది. ఒక్కరైనా చెయ్యివ్వండర్రా, చిన్న షాకే, చీమ కుట్టినట్టుంటుంది అని. చీమ పేరు వినగానే మొదటి వరసవాళ్ళు రెండో వరసలోకి జరిగారు. ఈయన నిచ్చెన దిగి, చొక్కా చేతులు మడిచి, "నాకు రోజూ పెద్ద పురుగులే కుడతాయి, ఇదెంత, కానివ్వండి" అని ఎడమ చెయ్యి బల్లమీద పెట్టాడు. కుడి చెయ్యి ఎందుకు పెట్టలేదంటే అందులో స్క్రూడ్రైవర్ ఉంది. ఇన్నేళ్ళూ ఎడమ చెయ్యే బల్లెక్కడానికి అంతకంటే గొప్ప శాస్త్రీయ కారణమేమీ లేదు. మర్నాటి నుంచి ఆయన అక్కడి మనిషే. ఫ్యాను మాత్రం ఇప్పటికీ కిర్రుమంటూనే ఉంది.

చేసే పని చెప్పుకుంటే తేలికే. మోచేయి బల్లకి తగిలితే జివ్వుమని చిటికెనవేలి దాకా పాకే నరం ఒకటుంటుంది కదా, ఆ నరానికి చిన్న షాకివ్వాలి. ఇస్తే బొటనవేలు మన ప్రమేయం లేకుండా చూపుడువేలి వైపు ఒక్క దూకు దూకుతుంది. వేలికి రింగు తొడిగి, రింగుని తీగతో మెషీన్‌కి కడితే దూకినప్పుడల్లా తెరమీద ఓ శిఖరం లేస్తుంది. వరసగా షాకులిస్తూ పోతే కండ అలిసిపోయి శిఖరాలు పొట్టివైపోతాయి. జబ్బకి పట్టీ బిగించి రక్తం ఆపితే ఇంకా త్వరగా చతికిలబడతాయి. పట్టీ వదిలి కాసేపు ఊరుకుంటే మళ్ళీ లేస్తాయి. అలసట అంటే ఇదర్రా, విశ్రాంతిస్తే పోయేదాన్నే అలసట అంటారు, అని మేడం చెప్పే పాఠం బాబాయికి ఆవిడకంటే బాగా వచ్చు. ఎక్కడ దగ్గుతుందో కూడా వచ్చు.

హాల్లో ఒక ఆచారముంది. ఏ బ్యాచ్ వచ్చినా ముందు బాబాయి చెయ్యి, తర్వాతే పిల్లల చేతులు. ఆయన బొటనవేలు గంతులేస్తుంటే ఆయన మొహం తాపీగా కిటికీలోంచి సైకిల్ స్టాండు చూస్తూ ఉంటుంది. అది చూసి పిల్లలకి ధైర్యమొస్తుంది. పిల్లల వంతు వచ్చినప్పుడు ఆయన ప్రతి మోచేతి కిందా తువ్వాలు మడతపెట్టి మెత్తగా సర్దుతాడు. బల్ల గట్టి రాయి, అంచు ఒరుసుకుంటుంది కాబట్టి. తన మోచేతికి మాత్రం తువ్వాలూ లేదు, గుడ్డపీలికా లేదు. రెండు నిమిషాల పనికి అంత సింగారమెందుకంటాడు. ఆ రెండు నిమిషాలూ ఇరవై ఆరేళ్ళపాటు కూడబెట్టాడని ఎవరికీ తట్టలేదు. నరాల గురించి అంతమంది అన్ని పుస్తకాలు చదివిన చోట ఆ సంగతి ఒక్కరి కంటపడలేదంటే, దీపం కింద చీకటి అనే మాట ఊరికే పుట్టలేదు.

ఇంకొకటి కూడా ఉంది. మెషీన్ వెనక గోడకి ఆయన చేత్తో రాసిన కాగితం. "గ్రాఫు రాకపోతే చూడాల్సినవి: వైరు, జెల్లీ, చోటు, మనిషి." అదే వరసలో. మనిషి చివర్న. వైరు తెగిందేమో, షాకిచ్చే బిళ్ళలకింద రాసే జెల్లీ ఎండిపోయిందేమో, బిళ్ళ పెట్టిన చోటు తప్పిందేమో చూసి, ఆ మూడూ బాగుంటేనే మనిషిని అనుమానించాలి. ఆ కాగితం ఎన్నడూ అబద్ధమాడలేదు. నూటికి తొంభై తొమ్మిదిసార్లు వైరుదే తప్పు. మిగతా ఒక్కసారి ప్లగ్గు పెట్టడం మర్చిపోయుంటారు.

ఈ ఏడు చిన్న సార్ వచ్చి, కొత్తగా కొన్న మెషీన్ మీద ఓ కొత్త పని మొదలెట్టాడు. ఇంతకాలం షాకు మణికట్టు దగ్గర మాత్రమే ఇచ్చేవారు. ఆయన మోచేతికి పైన కూడా ఒకచోట ఇమ్మన్నాడు. నరం ఒకటే కాబట్టి రెండుచోట్లా శిఖరం దాదాపు ఒకే ఎత్తు రావాలి. పిల్లలందరికీ వచ్చింది. ఎప్పట్లాగే అందరికంటే ముందు పెట్టిన బాబాయి చేతికి మాత్రం మణికట్టు దగ్గర కొండంత లేచింది. మోచేతి పైన ఇస్తే సగమే లేచింది. ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెదొక దారి. ముప్పైమంది ముందు చిన్న సార్ నోరు జారి, "ఈ చెయ్యి వదిలెయ్యండి, పరీక్షలో నా చెయ్యి పెడదాం" అన్నాడు. పిల్లల్ని బయటికి పంపి తలుపు వేశాక జరిగిందే పైన విన్న పోట్లాట.

పరీక్ష ఇంకా పదిహేను రోజులుంది. బయటినుంచి వచ్చే ఎగ్జామినర్‌కి మొట్టమొదట చూపించేది బాబాయి చెయ్యే. అది ఆయనకి జీతంలో కలవని జీతం. చెయ్యి వద్దంటే ఇంక ఆయన చేసేదేముంది, గాజు సీసాలు తుడుచుకుంటూ స్టోర్‌రూమ్‌లో కూర్చోవాలి. ఆ ముక్క పైకి అనకుండా, "వైరు మారుస్తా సార్, రేపు చూడండి" అన్నాడు.

వైరు మార్చాడు. సగమే. కొత్త జెల్లీ డబ్బా తెరిచాడు. సగమే. బిళ్ళలు గరుకు కాగితంతో రుద్దాడు. మిలమిల మెరిశాయి, శిఖరం మాత్రం సగమే. షాకు పెంచుకుంటూ పోతే దవడలు బిగుసుకుపోయాయి, పళ్ళు కరకరలాడాయి, శిఖరం అంగుళం కూడా పెరగలేదు. ప్లగ్గు మార్చాడు. బల్ల జరిపాడు. ఫ్యాను ఆపాడు. ఆఖరికి పెద్ద మేడం చెయ్యి కూడా అరువడిగి పెట్టి చూశాడు. ఆవిడకి అరవై దగ్గర పడుతున్నా రెండు శిఖరాలూ కవలపిల్లల్లా వచ్చాయి.

"నాకు బాగానే వచ్చిందిగా, మరి ఎందుకు అంత దిగులు మొహం?" అంది ఆవిడ.

"మీకు బాగా రావడమే మేడం దిగులు" అన్నాడు బాబాయి.

ఇంటిదగ్గర ఈ కథ ఇంకోరకంగా నడుస్తోంది. ఆయన భార్య కుట్టుపని చేస్తుంది. చేతుల గురించి ఆవిడకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఆర్నెల్లలో మూడు గాజు గ్లాసులు ఆయన ఎడమ చేతిలోంచి జారి పగిలాయి. మొదటిదానికి ఆవిడ ఏమీ అనలేదు. రెండోదానికి, "చేతికి వెన్న రాసుకున్నారా?" అంది. మూడోదానికి స్టీలు గ్లాసు తెచ్చి ఎదురుగా పెట్టి, "ఇది పడితే చప్పుడవుతుంది, పగలదు. మీకు ఇదే ఖాయం" అంది.

"గ్లాసులు నున్నగా చేస్తున్నారే ఈమధ్య."

"చొక్కా బొత్తాలు కూడా నున్నగా చేస్తున్నారా? నెలరోజులుగా పైబొత్తం పెట్టుకోవడం లేదు."

"గాలాడుతుందని."

"ఆడుతుంది, ఆడుతుంది. నేను రోజుకి నలభై బొత్తాలు కుడతానండీ. బొత్తం పట్టలేని చేతికి, పెట్టుకోని చేతికి తేడా తెలీదా నాకు? చిటికెనవేలు మొద్దుబారిందని నిద్దట్లో విదిలించుకుంటారు కూడా."

"తిమ్మిరి."

"ఆర్నెల్ల తిమ్మిరా?"

బాబాయి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఎడమ మోచేయి టేబులు అంచుకి ఆనించి, ఆ చేతి మీద చెంప వాల్చి, కుడిచేత్తో పేజీ తిప్పడం ఆయన అలవాటు. ఆవిడ వచ్చి ఆ మోచేయిని ఇంత పక్కకి నెట్టి, అక్కడ అంట్లు పెట్టి వెళ్ళిపోయింది.

వైరు, జెల్లీ, చోటు అయిపోయాక మిగిలింది మనిషి. అంత దూరం వెళ్ళడానికి బాబాయి మనసొప్పక మధ్యలో ఒక మెట్టు కనిపెట్టాడు. అలసట. ఇరవై ఆరేళ్ళ పని చేసిన చెయ్యి, అలిసిపోయుంటుంది, విశ్రాంతిస్తే లేస్తుంది. పాఠమే కదా. వెంటనే మూడురోజులు సెలవు పెట్టాడు. కారణమేంటని మేడం అడిగితే, "చేతికండి" అన్నాడు. దెబ్బ తగిలిందేమో అనుకుని ఆవిడ సంతకం పెట్టేసింది.

"చేతికి సెలవా?" అంది భార్య. "మరి కాళ్ళు ఖాళీయేగా. బజారుకెళ్ళి దారపు ఉండలు తెచ్చిపెట్టండి. మోసేటప్పుడు కుడిచేత్తోనే మొయ్యండి, పాపం ఎడమదాని సెలవు పాడవుతుంది."

మూడు రోజులూ ఆ చేత్తో పుల్ల ఎత్తలేదు. కొత్త పెళ్ళికొడుకుని చూసుకున్నట్టు దిండు మీద పడుకోబెట్టాడు. మూడోనాటి సాయంత్రానికి చేతికేమో గానీ మనిషికి మాత్రం బాగా విశ్రాంతి దొరికింది, ఒళ్ళు కూడా చేశాడు.

నాలుగో రోజు పొద్దున్నే ఎవరూ రాకముందు హాలు తెరిచి చెయ్యి కట్టుకున్నాడు. సగమే.

అప్పటికి ఆయనకి అర్థమైపోయింది. ఎవరూ చెప్పలేదు. అలసటయితే లేవాలి, లేవలేదు, కాబట్టి ఇది అలసట కాదు. ఆ లెక్క ఏటా రెండొందలమంది పిల్లలకి తను అప్పజెప్పిన లెక్కే. చెయ్యి పట్టీల్లో బందీ, మనిషి కుర్చీలో బందీ. తర్వాత ఆయన ఓ పని చేశాడు. చదువుకున్నవాళ్ళయితే ఆ క్షణాన పుస్తకం తెరిచేవాళ్ళు. ఈయన కరెంటు పనివాడు. గోడలోపల వైరు ఎక్కడో చెడిపోతే గోడంతా పగలగొట్టరు, ఇటునుంచి కొంచెం కొంచెంగా పరీక్షించుకుంటూ వెళ్తారు. ఎక్కడిదాకా కరెంటు బాగుందో, ఎక్కడ దాటాక చచ్చిందో చూస్తే, చెడిపోయిన జానెడు చోటు అదే బయటపడుతుంది.

షాకిచ్చే రెండు బిళ్ళల పిడి కుడిచేత్తో పట్టుకున్నాడు. మీట కాలితో తొక్కేది కాబట్టి ఇబ్బంది లేదు. మణికట్టు దగ్గర పెట్టి తొక్కాడు. నిండు శిఖరం. నోట్లో పెట్టుకున్న పెన్ను తీసి చర్మం మీద చుక్క పెట్టాడు. రెండు వేళ్ళ దూరం పైకి జరిగి తొక్కాడు. నిండు. చుక్క. ఇంకో రెండు వేళ్ళు. నిండు. చుక్క. చీమలబారులా చుక్కలు మోచేతి వైపు నడిచాయి. మోచేతి ఎముకకి ఇవతల పెట్టాడు. నిండు. ఎముక దాటి అవతల పెట్టాడు.

సగం.

మళ్ళీ ఇవతల. నిండు. మళ్ళీ అవతల. సగం. ఇవతలికీ అవతలికీ నాలుగువేళ్ళ దూరం లేదు.

"అబ్బో" అన్నారెవరో వెనకనుంచి.

చిన్న సార్. పోట్లాట తర్వాత ఆయనకి కూడా మనసు బాగోలేదు, పొద్దున్నే వచ్చి మాట కలుపుకుందామనుకున్నాడు. వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయి, ఐదు చుక్కలనుంచీ చూస్తున్నాడు.

"ఎవరు నేర్పారు బాబాయ్ ఇది?"

"ఏది?"

"ఇలా అంగుళం అంగుళం వెతకడం. నరాల డాక్టర్లు సరిగ్గా ఇలాగే చేస్తారు."

"వాళ్ళకి నేర్పిందెవరో కరెంటు పనివాడై ఉంటాడు" అన్నాడు బాబాయి. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి విప్పుకోవడం మాత్రం చేతకాలేదు, కట్టు రెండుసార్లు జారింది. చిన్న సార్ వంగి విప్పాడు. విప్పాక ఆ చెయ్యి వదలకుండా, ఒక కాగితం ఇచ్చి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా పట్టుకోమన్నాడు. లాగాడు. కాగితం జారొచ్చేసింది. కుడిచేత్తో పట్టుకోమని లాగితే చిరిగింది గానీ రాలేదు.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఆర్నెల్లు."

"ఎవరికైనా చెప్పారా?"

"మూడు గ్లాసులకి చెప్పా."

చిన్న సార్ నవ్వలేదు. ఆయన కళ్ళు రాతిబల్ల అంచు మీద ఆగాయి. ఎడమ మోచేయి ఆనించే చోట ఆ అంచు గుండ్రంగా, నున్నగా అరిగి మెరుస్తోంది. "రాయి ఇంత అరిగిందంటే, మీరింకా గట్టివాళ్ళే బాబాయ్" అన్నాడు. "మొన్న పిల్లల ముందు అలా అనకుండా ఉండాల్సింది."

"అనకపోతే నేనింకో ఏడాది వైర్లు మారుస్తూ ఉండేవాణ్ణి. వదిలెయ్యండి."

అదే వారం ఇద్దరూ కలిసి నరాల డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. భార్య కూడా వచ్చింది, రావద్దన్నా. డాక్టరు పరీక్ష చేసి, ఎముక దగ్గర ఒత్తిడికి నరం నలిగిందనీ, పూర్తిగా చావలేదనీ, మోచేయి దేనికీ ఆనించకూడదనీ, రాత్రిపూట మడవకుండా కట్టు వేసుకోవాలనీ చెప్పాడు. రెండునెలల్లో మెరుగవకపోతే చిన్న ఆపరేషన్. మెరుగవుతుందా అంటే, "చాలామందికి అవుతుంది" అన్నాడు. అందరికీ అవుతుందని అనలేదు. ఆ తేడా ముగ్గురికీ వినిపించింది, ముగ్గురూ విననట్టు కూర్చున్నారు.

బయటికొచ్చాక భార్య, "చెప్పానా లేదా?" అనలేదు. అంటుందని దారిపొడుగునా బాబాయి కాచుకుని ఉన్నాడు. అనకపోయేసరికి ఆయనకి భయమేసింది. బస్టాపులో నిలబడ్డాక ఆవిడ ఆయన చొక్కా పైబొత్తం పెట్టి, వెనక్కి జరిగి చూసి, "ఇప్పుడు మనిషిలా ఉన్నారు" అంది. అప్పుడు ఆయనకి ఊపిరాడింది, మెడదగ్గర బిగుతుగా ఉన్నా సరే.

పరీక్షకి నాలుగురోజులుందనగా పెద్ద మేడం ఏర్పాట్ల కాగితం తయారు చేసింది. ఎగ్జామినర్‌కి చూపించే మొదటి చెయ్యి ఎవరిదన్న చోట ఖాళీ వదిలి, చిన్న సార్ చేతికిచ్చి, "బాబాయిని అడిగి నువ్వే రాయి, నావల్ల కాదు" అంది. ఇరవై ఆరేళ్ళ కిందట నిచ్చెన దింపిందావిడే మరి.

చిన్న సార్ ఆ కాగితం జేబులో పెట్టుకుని మధ్యాహ్నం వరకూ హాల్లో అటూ ఇటూ తిరిగాడు. బాబాయి కొత్త పిల్లాడి మోచేతికింద తువ్వాలు సర్దుతూ, తనకీ ఒకటి మడతపెట్టి వేసుకుని, ఆయన తిరుగుడంతా చూస్తూనే ఉన్నాడు. బ్యాచ్ వెళ్ళిపోయాక తనే పిలిచాడు.

"ఆ జేబులోది తీయండి సార్. కోడిపెట్టలా ఎంతసేపు పొదుగుతారు?"

తీశాడు. బాబాయి చదివాడు. ఖాళీ చోటు చూశాడు.

"మీ పేరు రాసుకోండి" అన్నాడు. "మంచి చెయ్యి మీది. కాకపోతే షాకు తగిలినప్పుడు మొహం అలా పెట్టకండి, పిల్లలు జడుసుకుంటారు."

"బాబాయ్, ఈ రెండునెలలే. బాగయ్యాక మళ్ళీ..."

"బాగయ్యాక సంగతి బాగయ్యాక. నేను వేరే అడుగుదామనుకుంటున్నా." కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు, మోచేయి ఒళ్ళో పెట్టుకుని. "పరీక్షలో పిల్లలకి మీరిచ్చే చేతులన్నీ బాగున్న చేతులే. అన్నీ నిండుగా వస్తాయి. చేసేవాడికీ చూసేవాడికీ ముందే తెలుసు ఏమొస్తుందో. రేప్పొద్దున వీళ్ళ దగ్గరికొచ్చే వాళ్ళెవరూ అలాంటి చేతులు పట్టుకుని రారు కదా."

చిన్న సార్ ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"నన్నొక ప్రశ్నగా పెట్టండి సార్. ఎగ్జామినర్‌తో మాట్లాడండి, మేడంతో నేను చెప్తా. రెండు చేతులూ బల్లమీద పెట్టుక్కూర్చుంటా. ఏ చెయ్యి పాడైందో వాళ్ళనే కనుక్కోమనండి, ఎక్కడ పాడైందో నా చర్మం మీదే గుర్తు పెట్టమనండి. నేను నోరు విప్పను. మీరు కూడా ముందుగా వాళ్ళకేం చెప్పకండి."